కొత్త సూపర్‌వైజరుకు మామయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవెనలు. రొయ్యల ప్లాంటులో నిన్ను షిఫ్టు సూపర్‌వైజరుని చేశారని మీ అమ్మ చెప్పింది. నీ మెసేజూ చూశాను. టీమ్ కలిసిమెలిసి ఉండాలంటే అందర్నీ మైపాడు బీచికి తీసుకెళ్దామా అన్నావు. తీసుకెళ్ళు, చేపల పులుసు తినండి, కాదనను. కానీ మర్నాడు పొద్దున సరుకు దించుకునేవాళ్ళకీ, రొయ్యలు వలిచే పీలింగ్ హాలువాళ్ళకీ గొడవ మళ్ళీ మామూలే. అది ఒకరంటే ఒకరికి పడక వచ్చేది కాదబ్బాయ్. పని చేతులు మారేచోట మాట సరిగ్గా అందక వచ్చేది.

నీకు తెలిసిందే చూడు. గుంట దగ్గర 30 కౌంట్ అంటే తలతో సహా కిలోకి 30 రొయ్యలు. ప్యాకింగ్‌వాళ్ళ లెక్క వేరు, తల తీశాక పౌండుకి ఎన్ని అని. ఆ 30 కౌంట్ వనామి రొయ్య తల తీస్తే పౌండుకి దాదాపు 21 తూగుతుంది. కొనుగోలు చూసే కుర్రాడు ఫోన్లో "30 వస్తోంది" అని చెప్పి పెట్టేస్తాడు. లోపల 26/30 డబ్బాలు, అంటే పౌండుకి 26 నుంచి 30 తూగేవాటివి, తీసి పెట్టుకుంటారు. లారీ వచ్చాక తప్పెవరిదని పంచాయితీ! ఇద్దరూ పనిమంతులే.

అందుకని సరుకు దిగేచోట ఒక బోర్డు పెట్టు. ఏ ఊరి గుంట, కిలోకి ఎంత, తల తీస్తే ఎంత, ఐస్ ఎప్పుడు వేశారు. రాసినవాళ్ళ పేరు కింద ఉండాలి. అందుకున్నవాళ్ళు దాన్ని పైకి చదివి ఒప్పుకోవాలి. మొదట్లో నవ్వుతారు, నవ్వనీ. షిఫ్టు మారేటప్పుడూ ఇంతే. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ కాసేపు మిషను దగ్గరే నిలబడి మాట్లాడుకోవాలి, ఆఫీసు రూములో కాదు. అక్కడ రిజిస్టరులో "అంతా ఓకే" అని రాసేసి బస్సుకి పరిగెత్తుతారు.

ఇక అసలు సంగతి. ఎండాకాలంలో ఐస్ తగ్గితే రొయ్య తల దగ్గర నల్లబడటం మొదలవుతుంది. దాన్ని ముందు చూసేది నువ్వు కాదు, క్రేటు ముందు కూర్చున్న ఆడమనిషి. "సార్, ఇది బాగాలేదు" అని ఆమె లేచి వచ్చినప్పుడు నీ మొహం ఎలా ఉందో హాలంతా చూస్తుంది. "నీకెందుకమ్మా, చేతిలో పని చూడు" అన్నావో, ఇక నీకెవరూ ఏదీ చెప్పరు. నేను పనిచేసిన ఒకచోట, నోరు తెరిచినవాళ్ళ తట్టలే రెండోసారి తూకం వేసేవాళ్ళు. ఆ హాలు ఎంత ప్రశాంతంగా ఉండేదనుకున్నావు! సరుకు మాత్రం వెనక్కి వచ్చేది.

ఇంకో చిక్కుంది, అది నీ చేతిలో పూర్తిగా లేదు. వలిచినదానికి కిలోకింత అని కూలి ఇస్తూ, కొత్తగా వచ్చిన పిల్లకి నేర్పమంటే ఎవరు నేర్పుతారు? నేర్పినంతసేపూ నేర్పే మనిషి కూలికి గండే కదా. నేర్పే రోజులకి ఆమెకి రోజుకూలి లెక్క కట్టమని మేనేజరుని అడుగు. ఒప్పుకునేదాకా అడుగుతూనే ఉండు. డబ్బు లెక్క ఒకళ్ళనొకళ్ళకి పోటీగా పెట్టి, ఐకమత్యం మీద ఉపన్యాసాలిస్తే జనం లోపల నవ్వుకుంటారు.

సెలవులు మాత్రం వాళ్ళకే వదిలెయ్. సంక్రాంతికీ, క్రిస్మస్‌కీ, రొట్టెల పండక్కీ ఎవరు ఎవరి బదులు రావాలో ముందే మాట్లాడుకుని నీకు కాగితం ఇమ్మను. నువ్వు పంచితే ప్రతివాళ్ళకీ అన్యాయమే కనిపిస్తుంది, వాళ్ళు పంచుకుంటే సర్దుకుంటారు. ఎవరికీ కుదరని రోజు ఒకటి మిగులుతుంది, దానికి నువ్వే వెళ్ళి నిలబడు.

మీ అమ్మని అడిగానని చెప్పు. మోకాళ్ళ నొప్పికి నెల్లూరులో డాక్టరుకి చూపిస్తానన్నావు, ఆ పని ముందు చెయ్యి.

ఇట్లు
మామయ్య