సొంతంగా కూర్చిన కంప్యూటర్‌లో మాక్ ఓఎస్: కేసు అవుతుందా?

ప్రశ్న: మాది రాయగడ. పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీసే చిన్న స్టూడియో నడుపుతున్నాను. ఆపిల్ కంప్యూటర్ కొనే స్తోమత లేక బరంపురంలో పార్టులు తెచ్చి, ఇంటెల్ ప్రాసెసర్‌తో సొంతంగా ఒకటి కూర్చుకున్నాను. స్నేహితుడిచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి, ఆపిల్ కంప్యూటర్లను నడిపే మాక్ ఓఎస్ ఎక్కించాను. ఎడిటింగ్‌కి వాడే ఫైనల్ కట్ మాత్రం డబ్బు కట్టే కొన్నాను. నా మిషన్ చూసి గుణుపురంలో ఒకరు, పార్వతీపురంలో ఒకరు అడిగితే వాళ్ళకూ చేసిపెట్టి, పార్టుల ఖరీదు మీద కొంత తీసుకున్నాను. ఇప్పుడు ఒకాయన ఫోన్ చేసి తాను కంపెనీ తరఫు మనిషినని, నలభై వేలు ఇస్తే కేసు లేకుండా చూస్తానని అంటున్నాడు. మాక్ ఓఎస్ ఉచితమే కదండీ, నేను చేసింది నేరమా? క్యాబినెట్ మీద ఆపిల్ స్టిక్కర్ అంటిస్తే సరిపోతుందని ఒక షాపులో చెప్పారు, నిజమేనా?

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి. రూపాయి కూడా ఇవ్వకండి. కంపెనీ తరఫున మాట్లాడేవాడి దగ్గర అధికార పత్రం ఉంటుంది, లేదా వకీలు ద్వారా రాతపూర్వకంగా నోటీసు వస్తుంది. రెండూ లేకుండా ఫోన్‌లో బేరమాడేవాడిని 'ఏదైనా ఉంటే కాగితం మీద పంపండి' అని ఒక్క మెసేజ్ పెట్టి వదిలేయండి. అతని మెసేజ్‌లు, కాల్ వివరాలు దాచిపెట్టండి. మళ్ళీ బెదిరిస్తే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు అవుతుంది. అయితే పోలీసుల దగ్గరికి వెళ్ళే ముందు మీ ఇల్లు మీరు చక్కబెట్టుకోవాలి. ఎందుకంటే అతను దొంగ అయినా, అతను ఎత్తిచూపిన విషయం మాత్రం వట్టిది కాదు.

కంప్యూటర్ కూర్చడం నేరం కాదు. ఆ పెట్టెలో విండోస్ కొని వేసుకున్నా, లినక్స్ ఎక్కించుకున్నా మిమ్మల్ని అడిగేవాడు లేడు. చిక్కంతా మాక్ ఓఎస్ కాపీతోనే. అది ఉచితమన్న మాట నిజమే, 2013 నుంచి ఆపిల్ దానికి విడిగా డబ్బు తీసుకోవడం లేదు. కానీ ధర లేకపోవడం వేరు, షరతు లేకపోవడం వేరు. ఆపిల్ బ్రాండు కంప్యూటర్లలో మాత్రమే వాడాలని, వేరే కంప్యూటర్లో ఎక్కించకూడదని, ఎక్కించడానికి ఇంకొకరికి సాయపడకూడదని లైసెన్సులో రాసే ఉంటుంది. ఈ మూడో మాట గుర్తుపెట్టుకోండి, మీ గుణుపురం, పార్వతీపురం మిషన్ల దగ్గర అది అడ్డుపడుతుంది. అమెరికా కంపెనీకి మన చట్టం ఎందుకు పనిచేస్తుందని కొందరంటారు. పనిచేస్తుంది. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 40, దాని కింద 1999లో వచ్చిన ఉత్తర్వు విదేశీ రచనలకూ రక్షణ ఇస్తాయి. కంప్యూటర్ ప్రోగ్రామును ఆ చట్టం సాహిత్య రచన కిందే లెక్కవేస్తుంది.

మీలాంటివాళ్ళకు మన చట్టంలో ఒక కిటికీ ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. సెక్షన్ 52(1)(ఎడి) ఏమంటుందంటే, వ్యక్తిగతంగా, చట్టబద్ధంగా సంపాదించుకున్న కాపీ నుంచి, వ్యాపారం కాని సొంత వాడకం కోసం ప్రోగ్రామును కాపీ చేసుకున్నా, మార్చుకున్నా ఉల్లంఘన కాదు. ఇంట్లో సరదాకి ఇలాంటి మిషన్ కట్టుకున్న ఇంజనీరింగ్ కుర్రాడి తరఫున నేను కోర్టులో నిలబడితే, ఈ క్లాజు పట్టుకుని గట్టిగానే వాదిస్తాను. లైసెన్సు మీరాడు కాబట్టి అది ఒప్పందం తగువు కావచ్చుగానీ కాపీరైట్ నేరం కాదంటాను.

మీ విషయంలో ఆ వాదన రెండు చోట్ల కూలుతుంది. చేతులు మారి వచ్చిన పెన్‌డ్రైవ్ 'చట్టబద్ధంగా సంపాదించుకున్న కాపీ' కాదు. పైగా అందులో ఎవరో ముందే మార్చిపెట్టిన ఇమేజ్ (ఓఎస్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టిన మూట) ఉండివుంటే, ఎవరు ఏం కలిపారో మీకూ తెలియదు. ఇక స్టూడియో పని సొంత వాడకం కాదు. పెళ్ళివారు డబ్బిచ్చి చేయించుకుంటున్నారు కదా. పక్కనే ఉన్న (ఎఎ) క్లాజు కూడా అక్కరకు రాదు. అది ప్రోగ్రామును 'దేనికోసం ఇచ్చారో' ఆ పనికి వాడుకోవడానికే కాపీని ఒప్పుకుంటుంది. ఆపిల్ మిషన్‌లో వాడమని ఇచ్చినదాన్ని మీరు బరంపురం పార్టుల మీద ఎక్కించారు.

శిక్షల మాటకొస్తే, తెలిసి ఉల్లంఘించినవాడికి సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఉల్లంఘన కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడినవాడికి 63బి కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా అంతే. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే, కారణాలు రాసి, జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో కోర్టు వదిలేయవచ్చు. మీరు స్టూడియోలో వాడారు కాబట్టి ఆ మినహాయింపు దొరకడం కష్టం. ఈ సెక్షన్లలో 'తెలిసి' అన్న మాటే డిఫెన్సుకు ప్రాణం. ఈ జవాబు చదివాక 'నాకు తెలియదు' అనే మాట మీకు మిగలదని కూడా చెప్పాలి మరి.

2012లో చేర్చిన సెక్షన్ 65ఎ ఇంకొకటి ఉంది. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక తాళాన్ని తప్పిస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. మాక్ ఓఎస్‌లో అలాంటి తాళం ఉంది. కొన్ని భాగాలను గుప్తీకరించి, ఆపిల్ హార్డ్‌వేర్‌లోని చిప్పులో ఉన్న తాళంచెవి లేనిదే తెరుచుకోకుండా చేశారు. ఆ పని చూసే ఫైలుకి 'డోంట్ స్టీల్ మాక్ ఓఎస్ ఎక్స్' అనే పేరు పెట్టారు, అంటే దొంగిలించకండి అని ఫైలు పేరులోనే మొత్తుకున్నారు! ఓపెన్‌కోర్ లాంటి బూట్‌లోడర్ (మిషన్ ఆన్ చేయగానే ఓఎస్‌ను లేపే చిన్న ప్రోగ్రాము) సాయంతో మిషన్ లేస్తున్నదంటే ఆ తాళానికి నకిలీ జవాబు అందుతున్నట్టే. ఓపెన్‌కోర్‌ను ఓపెన్ సోర్సుగా పంచడం వేరు, దాంతో మీరు చేసిన పని వేరు.

అసలు ప్రమాదం మీ స్టూడియోలో ఉన్నదానికంటే, మీరు చేసి ఇచ్చిన ఆ రెండింటిలో ఎక్కువ. ఫ్లోరిడాలో సైస్టార్ అనే కంపెనీ 2008లో ఇలాంటి మిషన్లు అమ్మకానికి పెట్టింది. ఆపిల్ అదే ఏడు కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకెళ్ళింది. సైస్టార్ మీకంటే జాగ్రత్తపడింది. మాక్ ఓఎస్ డబ్బాలు డబ్బిచ్చి కొని, ప్రతి మిషన్‌తోనూ ఒకటి పంపింది. అయినా ఓడిపోయింది. మిషన్లలో ఎక్కించింది డబ్బాలోది కాదు, తాము మార్చుకున్న మాస్టర్ కాపీ. కాపీ చేయడం, మార్చడం, తాళం తప్పించడం మూడూ తప్పేనని 2009 నవంబరులో జడ్జి విలియం ఆల్సప్ తేల్చారు. ఆపిల్ తన కాపీరైట్‌ను దుర్వినియోగం చేస్తోందన్న వాదనను 2011లో అప్పీలు కోర్టు కూడా తోసేసింది. ఆ తీర్పు మన ఒడిశా కోర్టులను కట్టిపడేయదు. కానీ ఎదుటి వకీలు ముందుగా చదివేది అదే. మన సుప్రీంకోర్టు 2004లో టాటా కన్సల్టెన్సీ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య కేసులో డబ్బాలో అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనంది. సరుకైతే కొన్నవాడి ఇష్టమని వాదించవచ్చుగానీ, అది అమ్మకం పన్ను తగువు. సరుకైనా మీరు కొన్నది కాదు గనక దాన్ని పట్టుకుని లాభం లేదు.

కాపీరైట్ నేరాల్లో పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చా, బెయిలు హక్కుగా వస్తుందా అన్న వాదం చాలాకాలం నడిచింది. 2022 మే నెలలో నిట్ ప్రో ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది: సెక్షన్ 63 నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్, అంటే పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు, బెయిలు హక్కుగా రాదు. సబ్ ఇన్‌స్పెక్టర్, ఆ పైవారు వారంటు లేకుండానే ఉల్లంఘన కాపీలు జప్తు చేయవచ్చు. శిక్ష ఏడేళ్ళ లోపే కాబట్టి మామూలుగా ముందు నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, సోదా, బెయిలు పద్ధతులు చెప్పే చట్టం) సెక్షన్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి, వెంటనే అరెస్టు చేయనక్కర్లేదు. మీకున్న అదనపు బాధ సరిహద్దుది. గుణుపురం మిషన్ మీద కేసయితే మన రాయగడ జిల్లాలోనే తేలుతుంది. పార్వతీపురం మిషన్ మీద అక్కడ ఆంధ్రా పోలీసులు కేసు కడితే ముందస్తు బెయిలుకి అటు వెళ్ళాలి. ఒక పనికి రెండు రాష్ట్రాల కోర్టుల మెట్లు.

కేసు పడుతుందా అంటే, ఒక చిన్న స్టూడియో కోసం ఆ కంపెనీ రాయగడ దాకా రావడం జరిగే పని కాదనే నా అంచనా. కానీ చట్టం ఆ అంచనా మీద నడవదు. చేసి ఇచ్చే పని ఈ రోజే మానేయండి. ఆ ఇద్దరితో మాట్లాడి, మీ ఖర్చుతోనే విండోస్ వేసి ఇవ్వండి. మీ మిషన్‌లో ఉన్న పెళ్ళిళ్ళ ఫుటేజీ అంతా బయటి హార్డ్ డిస్కులోకి తీసి, దాన్ని స్టూడియోలో కాకుండా ఇంకోచోట పెట్టండి. మిషన్ జప్తయితే పెళ్ళివారికి జవాబు చెప్పుకోవాల్సింది మీరే, వాళ్ళకి కాపీరైట్ గొడవ అక్కర్లేదు. డేటా తీశాక మాక్ ఓఎస్ తొలగించండి. ఇప్పటిదాకా నోటీసు లేదు గనక ఇది తప్పు దిద్దుకోవడం. నోటీసో ఎఫ్ఐఆరో వచ్చాక మాత్రం ఏదీ చెరపకండి, అప్పుడు అది సాక్ష్యం మాయం చేయడమవుతుంది. పార్టుల బిల్లులు, ఫైనల్ కట్ రసీదు చింపకండి. ఎప్పుడైనా సోదా జరిగితే వీడియో తీయాలని సురక్షా సంహిత సెక్షన్ 105 చెబుతోంది, అడగండి. జప్తు పట్టిక ఒడియాలో రాస్తారు. మాట్లాడటం వచ్చి చదవడం రాకపోతే, చదివించుకుని గానీ సంతకం పెట్టకండి. జప్తయిన కాపీల్లో, వాటి తయారీకి వాడిన సామానులో మీకు హక్కుంటే, తిరిగి ఇప్పించమని జప్తయిన పదిహేను రోజుల్లోగా మేజిస్ట్రేటుకి దరఖాస్తు పెట్టాలి.

స్టిక్కర్ మాట చెప్పినవారికి నా నమస్కారం. ఆపిల్ తయారుచేయని పెట్టె స్టిక్కర్‌తో ఆపిల్ది కాదు. అమ్మిన మిషన్ మీద ఆ బొమ్మ ఉంటే ట్రేడ్ మార్క్స్ చట్టం కింద ఇంకో కేసు కొని తెచ్చుకున్నట్టు, అందులోనూ మూడేళ్ళ దాకా జైలుంది. ఎక్కడైనా అంటించి ఉంటే పీకేయండి.

ఈ దారికి ఎలాగూ ఎక్కువ కాలం లేదు. 2020 నుంచి ఆపిల్ తన సొంత ప్రాసెసర్లకు మారింది. 2025లో వచ్చిన టాహో ఇంటెల్ మిషన్లకు ఆఖరి మాక్ ఓఎస్ అని ఆ కంపెనీయే చెప్పింది. 2024లో వచ్చిన ఎం4 మాక్ మినీ మన దేశంలో 59,900 రూపాయలతో మొదలైంది. మీ దగ్గర మానిటర్, కీబోర్డు ఉన్నాయి కాబట్టి, ఫోనులో ఆయన అడిగిన నలభై వేలకి ఇంకో ఇరవై వేలు కలిపితే దాదాపు ఆ ధర. మీరు డబ్బు కట్టిన ఫైనల్ కట్‌ను అదే ఆపిల్ ఖాతాతో అందులోకి మళ్ళీ దించుకోవచ్చు. అప్పటిదాకా విండోస్ మీద డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌తో ఈ సీజను పెళ్ళిళ్ళు గట్టెక్కించండి.