సందేహం: మగవాళ్ళకి కూడా ‘చనుమొన’ అనొచ్చా?

సందేహం: నర్సింగ్ పిల్లల కోసం తెలుగులో నోట్సు తయారుచేస్తున్నాం. నేను ‘చనుమొన’ అని రాస్తే మా సీనియర్ ఒకాయన, చన్ను అంటే పాలిచ్చేది కదా మగవాళ్ళకి ఎలా కుదురుతుంది, ‘నిపిల్’ అని పెట్టేయండి గొడవ ఉండదు అన్నారు. కరెక్టేనాండీ? ఆవులకి గేదెలకి కూడా చనుమొన అనే అనాలా? మా అమ్మమ్మ ‘ముచ్చిక’ అనేది, అది రాయదగ్గ మాటేనా?

సమాధానం: చనుమొన అనే రాయండమ్మా, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా. చన్ను అనే మాటలో పాలు లేవు. ఉంటే మళ్ళీ చనుబాలు అని పాలు విడిగా కలుపుకోవాల్సిన పనేముంది? పాలు కలిసున్న మాట పాలిండ్లు, పాలకి ఇళ్ళు అని, అది పద్యాల్లో మాట, దాన్ని మగవాడికి తగిలిస్తే నవ్వుతారు, నిజమే. చన్ను ఉత్త అవయవం పేరు, కన్ను లాగా. కన్ను కంటి అయినట్టే చన్ను చంటి అవుతుంది, చంటిపిల్లలో ఉన్నది అదే. ఇంట్లో పిల్లాణ్ణి రోజంతా చంటీ చంటీ అని పిలుస్తూ చన్ను అనడానికి మాత్రం సిగ్గుపడతాం, ఏం చేస్తాం. మొన అంటే కొస, కత్తిమొనలో మొనే. రొమ్ము అయితే మగవాళ్ళకి ఎప్పట్నుంచో ఉంది, రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు అంటాం కదా.

అసలు మగవాళ్ళకి అవెందుకున్నాయి అని మీ పిల్లలు అడుగుతారు చూడండి, జవాబు నోట్సులో పెట్టండి. కడుపులో పిండం 5, 6 వారాలప్పుడే చంక దగ్గర్నుంచి గజ్జ దాకా రెండు పక్కలా రెండు గీతల్లాగా చర్మం కాస్త మందంగా తయారవుతుంది, పాలగీతలు అనుకుందాం. మగపిండంలో వృషణాలు తయారవడం మొదలయ్యేది ఆ తర్వాత. అంటే మగా ఆడా అని తేలకముందే చనుమొనలకి పునాది పడిపోయింది, తర్వాత దాన్ని పీకేసే ఏర్పాటు మనుషుల్లో లేదు. చుంచెలుకల్లో ఉంది, మగ పిండంలో పుట్టిన హార్మోను ఆ మొగ్గల్ని అక్కడే ఆపేస్తుంది, అందుకే మగ చుంచెలుకకి చనుమొనలు ఉండవు. ఎద్దుకి మాత్రం వృషణాల ముందు చిన్నచిన్నవి కనిపిస్తాయి, పల్లెటూరి వాళ్ళని అడగండి చెప్తారు. కాబట్టి మీ సీనియర్ గారి వాదన భాష వైపు నుంచే కాదు ఒంటి వైపు నుంచి కూడా నిలబడదు.

ఆ గీత మనుషుల్లో ఛాతీ దగ్గర ఒక్క జత మిగిల్చి చెరిగిపోతుంది, కొందరిలో ఎక్కడో ఒక చుక్క చెరక్కుండా ఉండిపోతుంది, అదే మూడో చనుమొన. చాలామంది దాన్ని పుట్టుమచ్చ అనుకుని జీవితం గడిపేస్తారు. దీనికి ‘అదనపు చనుమొన’ అని రాస్తే చాలు, ‘వికృతి’ లాంటి భయపెట్టే మాటలు వద్దు. అలాగే కొందరికి చనుమొన పుట్టుకతోనే లోపలికి ఉంటుంది, అది కూడా మామూలు తేడాల్లో ఒకటే, ‘లోపలికి ఉన్న చనుమొన’ అని తిన్నగా రాయండి, లోపం అనకండి. మొదట్నుంచి బయటికి ఉన్నది కొత్తగా లోపలికి పోతే మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి, అది మగవాళ్ళకీ వర్తిస్తుంది, రొమ్ము క్యాన్సర్ వాళ్ళకి అరుదే గానీ రాకపోదు.

ఇక పశువుల సంగతి. మొత్తం సంచీ పొదుగు, దానికి వేలాడేవి చన్నులు, కొన్నిచోట్ల సన్నులు అంటారు, పశువైద్యం వాళ్ళ పుస్తకాల్లో చనుకట్లు అని ఉంటుంది. ఆవుకి గేదెకి నాలుగు, మేకకి గొర్రెకి రెండు. ఆవు చన్నుకి చివర ఒకటే రంధ్రం కాబట్టి పితికితే ఒకటే ధార, మనిషి చనుమొనకి అలా కాదు, చిన్న చిన్న రంధ్రాలు చాలా ఉంటాయి, అందుకే అక్కడ ధార అనే మాట సరిగ్గా అతకదు. దూడ నాలుగు కుమ్ములు కుమ్మగానే పాలు దిగితే గేదె చేపింది అంటాం చూడండి, బాలింతలకి పాలు దిగడం కూడా అదే, రెండూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పనే, చేపు అనే మాట మీ నోట్సులో ఎక్కడైనా ఇరికిస్తే నాకు సంతోషం. ఏనుగుకి మాత్రం పొదుగు అనకండి, దాని చన్నులు ముందుకాళ్ళ మధ్య ఛాతీ మీద రెండే ఉంటాయి, మనకి లాగా. మేక మెడ కింద వేలాడేవాటిని మెడచన్నులు అంటారు గానీ అవి ఉత్త తోలుకండలే, లోభిని అడగడమంటే ఆ మెడచన్ను చీకడం లాంటిదే అన్నాడు వేమన.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. ఇలా పిల్లలకి పాలిచ్చే జంతువులన్నిటినీ కలిపి హిందీలో స్తనధారి అంటారు, కన్నడంలో సస్తని, రెండూ స్తనం ఉన్నది అనే అర్థమే. 1758లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త వాటికి పెట్టిన మమేలియా అనే పేరు కూడా రొమ్ము అనే లాటిన్ మాట మీంచి వచ్చిందే. మనం క్షీరదం అంటాం, పాలిచ్చేది అని, తమిళులు కూడా పాలూట్టి అని అటే వెళ్ళారు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో ప్లాటిపస్ ఉంది, గుడ్లు పెడుతుంది, దానికి చనుమొనలే లేవు, పొట్ట మీద చర్మంలోంచి పాలు చెమటలాగా ఊరితే పిల్లలు నాకుతాయి. ఆ పేర్లన్నిట్లో ప్లాటిపస్‌కి ఇబ్బంది లేకుండా అతికేది మనదీ తమిళులదీ, ఎవరు పెట్టారో గానీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. కాకపోతే మగవాళ్ళ దగ్గర ఈ పేరు కాస్త తడబడుతుంది, ఇచ్చేది సగం మందే కదా. మలేషియాలో పాలున్న మగ గబ్బిలాలు దొరికాయని 1994లో ప్రకటించారు గానీ అవి మనల్ని కాపాడలేవు.

ముచ్చిక శుభ్రమైన పాత మాట. వంకాయ ముచ్చిక, తాటికాయ ముచ్చిక అంటామే, తొడిమ, ఆ పోలిక మీదే చనుమొనకీ వచ్చింది. సంస్కృతంలో చూచుకం, అమరకోశంలో ఉంది, నోట్సుకి అక్కర్లేదు. ముచ్చిక బ్రాకెట్లో పెట్టండి, ఊళ్ళల్లో పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. నిపిల్ అంటే నాకు అభ్యంతరం లేదు గానీ సైకిల్ షాపుకెళ్ళినా నిపిల్లే, పైపుల షాపుకెళ్ళినా నిపిల్లే. పాలసీసాకి పెట్టే రబ్బరుదానికి మాత్రం పాలపీక అనే రాయండి, దాన్ని చనుమొన అంటే బాగోదు.