క్లారినెట్ ఆయన్ని ఊపిరి పీల్చుకోనివ్వు

చి. బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు సింఫనీ, అదే వాద్యబృందం మొత్తం కలిసి వాయించే పెద్ద సంగీత రచన, రాస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొద్దున్నే చిక్కడపల్లిలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

జర్మన్ స్వరకర్త బ్రామ్స్ మొదటి సింఫనీ 1876లో జనం ముందుకొచ్చేసరికి ఆయనకు 43 ఏళ్లు. ఇళయరాజా గారు 2025లో లండన్‌లో తన సింఫనీ వినిపించేసరికి 81. నీకు 24. దసరాకల్లా అయిపోవాలట! ఎవరే నిన్ను తరుముతున్నది?

సరే, మొదలుపెట్టేశావు కాబట్టి చెప్తున్నా. 20 నిమిషాలు దాటనివ్వకు. మీ బృందంలో వయోలా (వయొలిన్‌కు అక్కలాంటి వాద్యం) వాయించేది ఒక్కరేనట, ఆ ఒక్కరి మీదే బరువంతా వేయకు. బి ఫ్లాట్ క్లారినెట్‌కు సి స్వరం రాస్తే బి ఫ్లాట్ స్వరం పలుకుతుంది, అది నీ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. పేజీ తిప్పే చోట రెండు బార్లు, అంటే రెండు తాళం గళ్లు, ఖాళీ ఉంచు. కల్యాణి వాడుతున్నావని విన్నాను, సంతోషం. కానీ పదిమంది వయొలిన్ల చేత ఒకే గమకం పలికించాలంటే నీ ఆదివారాలన్నీ దానికే సరి. ఒక్కరికివ్వు, మిగతావాళ్లు స్వరం పట్టుకుని నిలబడతారు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా తెలీదు.

1984లో సికింద్రాబాద్‌లో మాదీ ఇలాంటి బృందమే. నేను వయొలిన్ వాయించేవాణ్ణి, కమాను తిప్పితే చాలు, నాదం ఆగదు. ఆ అలవాటుతోనే క్లారినెట్‌కు 16 బార్ల పాట రాశాను. బారుకు నాలుగు దెబ్బలు, నిమిషానికి 60 దెబ్బల నడక, మొత్తం మీద ఒకటే స్లర్, అంటే తెంపకుండా కలిపి వాయించమనే గీత. లెక్క వేసుకో, నిమిషం పైనే. మధ్యలో ఊపిరికి చోటు లేదు. ఎంత అందంగా రాశానో అని మురిసిపోయాను కూడా.

క్లారినెట్ వాయించేది పెళ్లి బ్యాండ్‌మేళం పెద్దాయన. రాత్రి ఊరేగింపు ముగించుకుని పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేవారు. మూడుసార్లు ప్రయత్నించారు. మూడోసారి మొహం కందిపోయింది, నాదం చిరిగింది. నేను అందరి ముందూ అన్నాను: "రాత్రంతా పెళ్లిళ్లలో ఊదుతారుగా, ఇదేం కష్టమండీ?"

ఆయన నవ్వేశారు. క్లారినెట్ ముక్కలు విడదీసి, ఒక్కొక్కటీ తుడిచి, పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆ పాట నేనే వయొలిన్ మీద వాయించాను. చప్పట్లు కొట్టారు.

రెండేళ్ల తర్వాత మీ పిన్ని పెళ్లిలో సన్నాయి మేళం ఎదురుగా కూర్చున్నాను. ఒకాయన తీసిన స్వరం ఆగకముందే పక్కాయన అందుకుంటున్నాడు. మొదటాయన ఆ సందులో ఊపిరి తీసుకుంటున్నాడు. పక్కనే ఇంత విద్య ఉంటే నేను ఎక్కడో వెతికాను. నీకు రెండు క్లారినెట్లు ఉన్నాయి కదా, అలాగే పంచు. ఒక స్వరం ఇద్దరి మధ్యా కలిసేలా రాయి.

మర్నాడే పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. టీ తాగించారు, పిల్లల చదువులు అడిగారు. ఆ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.

నిన్ను తిట్టడం లేదమ్మా, నువ్వు నాలా నోరు జారే పిల్లవి కావు. అయినా రిహార్సల్ టెన్షన్‌లో ఏ మాట వస్తుందో ఎవరికి తెలుసు. ఎవరికైనా వాయించడం రాకపోతే ముందు నీ కాగితం చూసుకో.

ఈ ఆదివారం క్లారినెట్ పార్ట్ పట్టుకుని రా. నాకిప్పుడు రెండు మెట్లెక్కితే ఆయాసం. నేను పాడి చూస్తాను, ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. వచ్చేటప్పుడు ఉస్మానియా బిస్కెట్లు తే. మీ అత్తయ్య చూడకుండా.

మీ మామయ్య