కొడుకుది నవ్వు, తండ్రిది మౌనం

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. 2021 మేలో మా మరిది కరోనాతో చనిపోయారు. ఆఖరి చూపు కూడా దక్కలేదు. అప్పటి నుంచి మావారు పాల ప్యాకెట్లు సైతం సబ్బు నీళ్లతో కడిగితే గానీ లోపలికి తేనివ్వరు. ఎవరు దగ్గినా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటారు. స్టాక్‌హోంలో ఉండే మా అబ్బాయి సెలవులకు వచ్చి, ‘‘అక్కడ బడులే మూయలేదు, ఎవరూ భయపడలేదు. మీదంతా చాదస్తం’’ అని నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన వాడితో మాట్లాడడం లేదు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది సగమే నిజం. 2020లో స్వీడన్‌లో చిన్న పిల్లల బడులు నడిచిన మాట వాస్తవమే. అదే ఏడాది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడి వృద్ధాశ్రమాల్లోకి కన్నబిడ్డలను కూడా రానివ్వలేదు. చనిపోయినవారిలో చాలామంది ఆ ఆశ్రమాల పెద్దలే. డిసెంబరులో ఆ దేశపు రాజే తాము విఫలమయ్యామని ఒప్పుకున్నారు. పెద్దవాళ్లు వేరే చోట ఉంటారు కాబట్టి, ఆ భయం మీ అబ్బాయి ఉన్న వీధిలో కనిపించి ఉండదు.

జపాన్ తీరు మరొకటి. 2020 ఏప్రిల్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించినా, గడప దాటినవారికి జరిమానా లేదు. అయినా చాలామంది ఇళ్లలోనే ఉండిపోయారు. జబ్బుతో పాటు, తమ వల్ల నలుగురికీ ఇబ్బంది కలిగిందన్న మాట పడాల్సి వస్తుందనీ బెదిరారు. జబ్బుపడిన ప్రముఖులు కొందరు జనానికి క్షమాపణ చెప్పుకున్నారు కూడా. జబ్బు చేసినందుకు క్షమాపణ! మనకు వింతగానే ఉంటుంది.

మన ఇళ్లలో మూడు తరాలకూ కలిపి ఒకటే స్నానాల గది. తన చేతుల మీదుగా ముసలివాళ్లకు అంటుతుందేమోనన్నది ఒక భయం. మోసేందుకు నలుగురు లేకుండా, అయినవాళ్ల చేత తలకొరివి లేకుండా పోతామేమోనన్నది అంతకంటే పెద్దది. మీ ఇంట్లో ఆ రెండోది కళ్లముందే జరిగింది. తమ్ముడికి అన్నగా చేయాల్సింది మీవారు చేయలేకపోయారు. ఆ సబ్బు నీళ్ల వెనక వైరస్ భయం కన్నా ఆ దిగులే ఎక్కువని నాకనిపిస్తోంది.

కాబట్టి స్వీడన్ గొప్పా, మనం గొప్పా అనే వాదన ఆపించండి. ‘‘బాబాయి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఏం జరిగింది నాన్నా?’’ అని అబ్బాయిని అడగమనండి. ఇంతవరకు అడిగి ఉండడని నా అనుమానం. ఆ రోజుల్లో అర్ధరాత్రి ఇంటి నుంచి ఫోను వస్తే తనకెలా ఉండేదో కూడా తండ్రికి చెప్పమనండి. మరిది తిథి నాడు ఆయన పేరు మీద పదిమందికి భోజనం పెట్టించండి, ఏర్పాట్లన్నీ మీవారికే వదిలేయండి. మీరు మాత్రం ఇద్దరి మధ్యా మాటలు మోయకండి. మీరు చేరవేస్తున్నంత కాలం వాళ్లు ఎదురుపడి మాట్లాడుకోరు.

కూరగాయలు కడగడం సరే, అందరూ చేయాల్సిందే. కానీ కడగడానికే గంటలు పడుతున్నా, చేతులు పగులుతున్నా, నిద్ర పట్టకపోతున్నా మానసిక వైద్యుడికి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన ససేమిరా అంటే ముందు మీరే చేసి సంగతి చెప్పండి.