ఉపగ్రహం ప్లాస్టిక్‌లో చేరిన ఛార్జి ఎన్నాళ్లుంటుంది?

ప్రశ్న: 25 మైక్రాన్ల కాప్టాన్ (ఉపగ్రహాలకు చుట్టే ప్లాస్టిక్) ఫిల్ముకు 500 వోల్టులిచ్చి, నిమిషం ఆగి కరెంటు కొలిచాం. రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) 10¹⁷ ఓమ్-సెంటీమీటర్లు వచ్చింది. ఈ లెక్కన ఛార్జి కొన్ని గంటల్లో కారిపోవాలి కదా. భూస్థిర కక్ష్యలో వారాల తరబడి ఉంటుందని ఎలా అంటారు?
– ఎం.టెక్. విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీటరు సరిగ్గానే చూపింది. నిమిషం చాల్లేదు, అంతే. అప్పటికి పారుతున్న కరెంటులో చాలా భాగం ఫిల్ములోని అణువులు ఫీల్డు వైపు తిరగడం వల్ల వచ్చే పోలరైజేషన్ కరెంటే. అది గంటల కొద్దీ తగ్గుతూ పోతుంది. పైగా కాప్టాన్ తేమను తన బరువులో 2-3 శాతం దాకా పీల్చుకుంటుంది, దానివల్లా కరెంటు ఎక్కువ కనిపిస్తుంది.

లెక్క చూడండి. శూన్యం పెర్మిటివిటీ (సెంటీమీటరుకు 8.85×10⁻¹⁴ ఫారడ్లు), కాప్టాన్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం 3.4, మీ 10¹⁷, ఈ మూడూ గుణిస్తే ఛార్జి కారిపోయే కాలం వస్తుంది: 30,000 సెకన్లు, అంటే ఎనిమిది గంటల పైచిలుకు. రెసిస్టివిటీ 10¹⁹ అయితే అదే 35 రోజులు. కక్ష్యలో ఎలక్ట్రాన్లు రోజూ వచ్చి పడుతుంటాయి కాబట్టి, మొన్నటి ఛార్జి పోకముందే నిన్నటిది, దాని మీద ఇవాళ్టిది వచ్చి పడుతుంది. ఫీల్డు మీటరుకు కోటి వోల్టులు దాటాక ఎప్పుడైనా స్పార్కు కొట్టవచ్చు.

కొలవాల్సిన తీరు వేరు. ఫిల్ముకు వెనకవైపు మాత్రమే అల్యూమినియం పూత ఉండాలి, దాన్ని ఎర్త్ చేయాలి. వ్యాక్యూమ్‌లోనే వేడిచేసి తేమ పోగొట్టాలి. ముందువైపు 5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ బీముతో కొద్దిసేపు కొట్టి, ఉపరితలాన్ని రెండు మూడు వందల వోల్టులకు తెచ్చి బీము ఆపేయాలి. తర్వాత ముట్టుకోని ప్రోబుతో రోజుల తరబడి వోల్టేజి రాసుకోవాలి. సెమీ-లాగ్ గ్రాఫులో (వోల్టేజి లాగ్ స్కేలులో, కాలం మామూలు స్కేలులో) మొదట్లో జారుడుగా పడిపోయే భాగాన్ని వదిలేసి, చివర నిలకడగా సాగే గీత వాలు తీసుకోండి, ఛార్జి కారే కాలం దాన్నుంచే వస్తుంది. కిటికీని నల్లగుడ్డతో మూయండి. వ్యాక్యూమ్‌ను కొలిచే అయాన్ గేజి ఫిలమెంటు వెలుతురు పడినా ఫోటోకండక్టివిటీతో (వెలుతురుకు కరెంటు పారడంతో) ఛార్జి జారిపోతుంది. ఉష్ణోగ్రత కూడా కదలకూడదు.

రేడియేషన్ తిన్న ఫిల్మును కొలవాలంటే ఇంకో చిక్కుంది. బీము పడుతున్నంతసేపూ కండక్టివిటీ పెరుగుతుంది, ఆపాక కూడా కొంతకాలం ఆ ప్రభావం మిగులుతుంది. ఎక్కువ డోసు తిన్న కాప్టాన్ మరింతగా కరెంటును పారనిస్తుంది, కానీ గాలి తగిలితే ఆ మార్పు క్రమంగా పోతుంది. కాబట్టి డోసు ఇచ్చిన ఛాంబరులోనే, తలుపు తీయకుండా కొలవాలి. వేరే ల్యాబుకు కవర్లో పెట్టి పంపిన శాంపిల్ అంకెలను నేనైతే నమ్మను.

ప్రశ్న: ఉపగ్రహానికి చుట్టే బంగారు రేకు లోహమే కదా, దానికెందుకు ఛార్జి భయం?
– పాఠకురాలు, వరంగల్

జవాబు: చాలాసార్లు అది బంగారం కాదండీ. కాప్టాన్‌ది తేనె రంగు, దాని వెనక అల్యూమినియం పూత మెరుస్తుంది. బయటికి కనిపించేది ప్లాస్టిక్కే. ఆ పూతను ఎర్త్ చేయకపోతే ఉత్త ప్లాస్టిక్ కంటే ప్రమాదం: ప్లాస్టిక్ ఎక్కడిదక్కడ పట్టి ఉంచుతుంది, లోహం మొత్తాన్నీ ఒకేసారి వదిలేస్తుంది. అందుకే ఇలాంటి రేకులను పొరలుగా పేర్చిన దుప్పటిలోని ప్రతి పొరకూ తగిలేలా అల్యూమినియం పట్టీని మడతలు మడతలుగా చొప్పించి, బోల్టు బిగించి బాడీకి కలుపుతారు. ఒకటి ఊడినా ఇంకోటి ఉండేలా కనీసం రెండు చోట్ల. ఇక పైముఖంలో ఛార్జి నిలవకుండా కరెంటును పారనిచ్చే ఇండియం టిన్ ఆక్సైడ్ పూతో, కార్బన్ కలిపిన నల్ల కాప్టానో వాడతారు.

అయితే మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు దుప్పటినే కాదు, పెట్టె గోడనూ దాటి లోపలి కేబుల్ ఇన్సులేషన్‌లో, సర్క్యూట్ బోర్డులో దిగుతాయి. 1994 జనవరిలో కెనడా ఉపగ్రహాలు అనిక్ ఇ-1, ఇ-2ల మొమెంటమ్ వీల్ (ఉపగ్రహాన్ని ఒకే దిక్కుకు నిలిపి ఉంచే తిరుగుడు చక్రం) సర్క్యూట్లు దెబ్బతిన్నది ఇలాగేనంటారు. ఇ-1 కొన్ని గంటల్లో కోలుకుంది. ఇ-2కు నెలలు పట్టింది.