పాఠకుల ప్రశ్నలు: పరిశోధనకు ప్రజాధనం ఎందుకు?

ప్రశ్న: సార్వాలో ఏటా మురుగు కాల్వ పొంగి మా చేలు మునుగుతున్నాయి. పూడిక తీయించమంటే నిధులు లేవంటారు. పరిశోధన ఫౌండేషన్‌కు మాత్రం యాభై వేల కోట్లని పత్రికల్లో చదివాను. పరిశోధనలను కంపెనీలకే వదిలేయవచ్చు కదా?
– ఒక రైతు, రాజోలు

సమాధానం: ముందుగా ఆ లెక్క చూద్దాం. 2023లో చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు 2023–28 మధ్య ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూరాలన్నది ప్రణాళిక. అందులో కేంద్రం ఇచ్చేది 14,000 కోట్లే, అంటే సగటున ఏడాదికి 2,800 కోట్లు; మిగిలిన 36,000 కోట్లు పరిశ్రమలు, ప్రభుత్వ రంగ సంస్థలు, దాతల నుంచి రావాలి. పూడికతీత రాష్ట్ర జలవనరుల శాఖ పద్దు కనుక, ఢిల్లీలో ఈ ఖర్చు ఆపినా ఆ సొమ్ము మీ కాల్వ దాకా రాదు.

కంపెనీల మాటకు వస్తే, మీ చేలోనే జవాబుంది. 1925లో మొదలైన ప్రభుత్వ సంస్థ, మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, 1982లో విడుదలై ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. ఇటువంటి సూటి రకాల్లో, పండిన గింజనే వచ్చే ఏటికి విత్తనంగా దాచుకోవచ్చు. ఏటా కొత్త విత్తనం కొనవలసిన పని రైతుకు లేనప్పుడు, అటువంటి వంగడం కోసం ఏళ్ల తరబడి పెట్టుబడి పెట్టాలన్న ఆసక్తి వ్యాపారికి ఎందుకుంటుంది? అందుకే ప్రైవేటు కంపెనీలు ఎక్కువగా, ఏటా కొత్త విత్తనం కొనవలసిన హైబ్రిడ్ల వైపు మొగ్గుతాయి.

మీ ముంపు సమస్యకూ ఇదే వర్తిస్తుంది. మామూలు వరి నీట మునిగితే పైకి తేలాలని ఆదరాబాదరాగా సాగి, ఉన్న పిండిపదార్థమంతా ఖర్చు చేసుకుని, నీరు తీసేసరికి చతికిలబడుతుంది. ఒడిశాలోని ఒక పాత నాటు రకం నుంచి వచ్చిన సబ్1 అనే జన్యువుల గుంపు ఆ ఎదుగుదలను ఆపి, మొక్క శక్తిని దాచి పెడుతుంది. నీరు తీశాక మొక్క మళ్లీ చిగురిస్తుంది. ఆ గుంపులో అసలు పని చేసే జన్యువేదో 2006లో తేల్చారు. స్వర్ణకు ఆ గుణం కలిపిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. అది సుమారు రెండు వారాల ముంపును తట్టుకోగలదు గాని, వారాల తరబడి నిలిచిపోయే నీటిని గాని, పూత దశలో వచ్చే ముంపును గాని తట్టుకోలేదు. కాబట్టి పూడికతీత కోసం మీరు అడగడం మానవద్దు.

నా దృష్టిలో అసలు లోపం ఖర్చు ఎక్కువ కావడం కాదు, తక్కువ కావడం. పరిశోధన వ్యయాన్ని జీడీపీలో 2 శాతానికి పెంచాలని కేంద్రం శాస్త్ర సాంకేతిక రంగానికి ప్రకటించిన 2003 విధానమూ, 2013 విధానమూ చెప్పాయి. 2020–21లో అది 0.64 శాతం. అందులోనూ ప్రైవేటు పరిశ్రమల వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. చేయి బిగించిన వారి నుంచే 36,000 కోట్లలో పెద్ద భాగం ఆశించడం నాకు అతిగానే తోస్తోంది. ప్రైవేటు రంగాన్ని కదిలించేందుకు కేంద్రం 2025 జులైలో లక్ష కోట్ల పథకాన్ని ఆమోదించింది గాని, అది ప్రధానంగా తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక రుణాలిచ్చేది. అప్పు తీర్చగలిగేది అమ్ముడయ్యే సరుకు తయారు చేసేవారే. రైతు దాచుకునే విత్తనం ఆ కోవలోకి రాదు.

ప్రశ్న: వనామీ తల్లి రొయ్యలను ఇప్పటికీ విదేశాల నుంచే ఎందుకు తెస్తున్నారు? మన శాస్త్రవేత్తలు తయారు చేయలేరా?
– డిగ్రీ విద్యార్థిని, భీమవరం

సమాధానం: వనామీ మన సముద్రాలది కాదు, అమెరికా ఖండాల పసిఫిక్ తీరానిది. మన దగ్గర 2009లో అనుమతి లభించే నాటికే, తెగుళ్లు లేని తల్లి రొయ్యలను అక్కడి సంస్థలు తరతరాలుగా ఎంపిక చేసి సిద్ధం చేసుకున్నాయి. వాటిని మన హేచరీలు చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం మీదుగా తెచ్చుకుంటున్నాయి. చెన్నైలోనే ఉన్న కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ మన సొంత తెల్ల రొయ్యను మెరుగుపరిచే పని చేపట్టింది. అయితే ప్రతి తరంలోనూ వేల రొయ్యలను తూచి, మేలైన వాటిని ఏరి, మళ్లీ జత కట్టించే ఈ పని మూడేళ్ల గ్రాంటుతో తేలేది కాదు. మధ్యలో ఒక్క ఏడాది నిధులు ఆగినా ఆ సంతతిని కాపాడుకోవడమే కష్టమవుతుంది.