సీనియర్ మేనేజర్ల జీతంలో బోనస్ వాటా ఎందుకు ఎక్కువ?

టీమ్ లీడ్‌కు వేరియబుల్ పే (పనితీరును బట్టి మారే బోనస్ భాగం) జీతంలో పదో వంతే ఉండగా, యాభై దాటిన వైస్ ప్రెసిడెంట్‌కు మూడో వంతు ఉండడం అన్యాయం కాదా అని అడిగారు. హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చాలాకాలం జీతభత్యాల వ్యవహారం చూసిన అనుభవంతో చెబుతున్నాను: ఆ తేడా సమంజసమైనదే. (చట్టప్రకారం ఇచ్చే 8.33 శాతం కనీస బోనస్ సంగతి వేరు. అది ఈ స్థాయి వారికి వర్తించదు.)

ముప్పై ఏళ్ల మేనేజర్ రాత్రింబవళ్లు కష్టపడేది ప్రధానంగా బోనస్ కోసం కాదు. ఈ ప్రాజెక్టును గట్టెక్కిస్తే వచ్చే పేరు ప్రమోషన్ల రూపంలో, బయటి ఆఫర్ల రూపంలో మరో పాతికేళ్లు తనకు అక్కరకొస్తుందని అతనికి తెలుసు. బోనస్ లెటర్ చేతికిచ్చినప్పుడు చిన్నవాళ్లు ముందుగా రేటింగ్ ఎంతో చూసుకునేవారు. రిటైర్మెంట్ దగ్గరపడిన వారి చూపు నేరుగా బోనస్ డబ్బు ఎంతో అన్నదాని మీదకు వెళ్లేది. ఎదగడానికి పై మెట్టు లేనివారికి మంచి పేరు ఒక్కటే ప్రోత్సాహం కాలేదు కనుక, ఆ లోటును డబ్బు పూడ్చాలి. రాబర్ట్ గిబ్బన్స్, కెవిన్ మర్ఫీ అనే ఆర్థికవేత్తలు 1992లో ఈ వాదననే సిద్ధాంతరీత్యా నిరూపించి, పదవీ విరమణకు దగ్గరైన సీఈఓల జీతాలు కంపెనీ పనితీరుతో మరింత గట్టిగా ముడిపడి ఉంటాయని లెక్కలతో చూపారు.

అయితే ఇందులో పెద్ద ప్రమాదమూ ఉంది. మరో రెండేళ్లలో వెళ్లిపోయే మనిషికి ఏడాది లాభం మీద భారీ బోనస్ పెడితే, శిక్షణ ఖర్చు కోసేసి, కొత్త నియామకాలు వాయిదా వేసి, ఆ ఏటి అంకెలను అందంగా చూపడం అతనికి చాలా సులభం. అందుకే రిజర్వు బ్యాంకు 2019 నవంబరులో ప్రైవేటు బ్యాంకుల సీఈఓలకు, పూర్తికాల డైరెక్టర్లకు కఠినమైన నిబంధనలు పెట్టింది: మొత్తం జీతంలో కనీసం సగం వేరియబుల్ పే కావాలి, అందులో కనీసం 60 శాతాన్ని మూడేళ్లకు తగ్గకుండా వాయిదాల్లో ఇవ్వాలి, తర్వాత తప్పు బయటపడితే ఆపే, వెనక్కి తీసుకునే హక్కు బ్యాంకుకు ఉండాలి.

మిగతా రంగాల్లోనూ ఇదే పద్ధతి రావాలని నేను గట్టిగా నమ్ముతాను. మా సంస్థలో కూడా బోనస్‌ను వాయిదాల్లో ఇచ్చేవారు కానీ, రిటైరైన రోజునే మిగిలిన వాయిదాలన్నీ చెల్లించే నియమం ఉండేది. దానివల్ల వాయిదా ఉద్దేశమే దెబ్బతింటుందని వాదించి, రిటైరయ్యాక కూడా గడువు ప్రకారమే ఇచ్చేలా మార్పించాము. సీనియర్లు మొదట అభ్యంతరపెట్టినా, వారసుడికి బాధ్యతలు అప్పగించడంలో వారు చూపిన శ్రద్ధ ఆ తర్వాత స్పష్టంగా పెరిగింది.